గొంతులు కలిపిన మాస్టారు: ఎం.బి. శ్రీనివాసన్, మన పాట

(విశాఖపట్నంలో ఆదివాసీ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంచికలో వేస్తాం, రాసి ఇవ్వండి అని మన కుర్రాళ్ళు అడిగారు. మాట్లాడినట్టే రాశాను. అక్కడక్కడా దారి తప్పాను, అదీ అలాగే ఉంచాను.

ఈ రోజు నేను చెప్పబోయే మనిషి మన కొండల్లో పుట్టలేదు, మన కులాల తెగల వాడు కాదు. ఆయన పేరు మానామదురై బాలకృష్ణన్ శ్రీనివాసన్. సంగీతం వాళ్ళు ఎం.బి.ఎస్. అంటారు. 1925 సెప్టెంబరు 19న చిత్తూరు జిల్లాలో ఒక కలిగిన తమిళ కుటుంబంలో పుట్టారు. ఎక్కువగా మలయాళం సినిమాలకు, కొన్ని తమిళ సినిమాలకు సంగీతం చేశారు. అందుకే మన తెలుగువాళ్ళకు ఆయన పేరు పెద్దగా తెలీదు. మన గడ్డ మీద పుట్టినవాడే అయినా పక్క రాష్ట్రాల వాళ్ళే ఆయన్ని ఎక్కువ తలుచుకుంటారు.

ఆయన గురించి ఎందుకంటే, ఆయన ఒక పని చేశారు. పాట నేర్చుకోనివాళ్ళను, "నాకు గొంతు లేదండీ" అని వెనక్కి తగ్గేవాళ్ళను, పగలంతా ఆఫీసుల్లో పనిచేసుకునేవాళ్ళను ఒకచోట నిలబెట్టి, గుంపుగా పాడించారు. మద్రాస్ యూత్ కాయర్ అని దానికి పేరు. 1970ల మొదట్లో మొదలైంది. మనకు ఆ పని ఇప్పుడు కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికి కొంచెం దూరం వెళ్ళి వస్తాను, ఓపిక పట్టండి.

ముందు కాయర్ అంటే ఏమిటో చూద్దాం. సినిమాల్లో కోరస్ అని మీరు వింటారు. హీరో పాడుతుంటే వెనక పదిమంది "ఆ... ఆ..." అంటారు. అక్కడ పాట హీరోది, ఆ పదిమంది పక్కవాద్యం లాంటివాళ్ళు. కాయర్‌లో హీరో ఉండడు. గుంపే గాయకుడు. ముప్ఫైమంది ఉంటే ముప్ఫైమందీ కలిసి ఒక గొంతు. ఆ గొంతును రెండుగా, మూడుగా చీల్చి మళ్ళీ కలపొచ్చు. ఒక గుంపు పల్లవి ఎత్తుకున్నాక రెండు అడుగులు ఆగి ఇంకో గుంపు అదే పల్లవి ఎత్తుకోవచ్చు. ఒక గుంపు వరస పాడుతుంటే ఇంకో గుంపు కింద ఒకే స్వరం పట్టుకుని నిలబడొచ్చు. ఏ గుంపు ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తగ్గాలి, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని కూర్చేవాణ్ణి అరేంజర్ అంటారు. పాటకు వరస కట్టేవాడు ఒకడు, ఆ వరసను పదిమందికి పంచేవాడు ఇంకొకడు. రెండూ ఒక్కరే చేస్తే మరీ మంచిది. ఎం.బి.ఎస్. రెండూ చేశారు, పైగా కూర్చోబెట్టి నేర్పారు కూడా.

తెలుగులో దీనికి మాట లేదనుకోకండి. బుర్రకథలో వంతలు ఉంటారు, మన ఉత్తరాంధ్ర జముకుల కథలో వంత ఉంటుంది. కానీ చూడండి, ఇప్పుడు "వాడికి వంత పాడుతున్నాడు" అంటే తిట్టు. సొంత బుర్ర లేకుండా తలూపేవాడు అని అర్థం. కలిసి పాడేవాణ్ణి తక్కువ చేసే అలవాటు మన నుడికారంలోకే ఎక్కేసింది. ఎం.బి.ఎస్. చేసిందేమిటంటే, ఆ వంతను తీసుకొచ్చి వేదిక మధ్యలో నిలబెట్టడం.

ఈ విశాఖపట్నం గుంపు గొంతుకు కొత్త ఊరేమీ కాదు. రేవులో వల లాగేవాళ్ళ "హైలెస్సా" ఏమిటి? ఒకడు ఎత్తుతాడు, మిగతావాళ్ళు అందుకుంటారు, అందుకున్న క్షణంలోనే తాడు కదులుతుంది. ఎవడి ఊపిరి వాడిదే అయితే వల ఒడ్డుకు రాదు. "విశాఖ ఉక్కు" అని ఒక గొంతు అంటే "ఆంధ్రుల హక్కు" అని వేల గొంతులు అందుకున్నాయి 1966లో. సగం ఒకరిది, సగం అందరిదీ. నినాదం అనుకున్నాం గానీ, కూర్పు చూస్తే అది బృందగానం అడుగే. ఇదే ఊళ్ళో హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన పార్వతీపురం వైపు మనిషి వంగపండు ప్రసాదరావు గారు, 1972లో జన నాట్యమండలిని నిలబెట్టినవాళ్ళలో ఒకరు. ఆయన పాట కట్టేటప్పుడే గుంపు ఎక్కడ అందుకోవాలో అందులో ఉండేది. 2020 ఆగస్టులో పోయారు. ఆయన గురించి వేరే సభ పెట్టుకోవాలి, ఇక్కడ రెండు ముక్కల్లో చెబితే తప్పవుతుంది.

ఎం.బి.ఎస్. దగ్గరికి వస్తాను. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. ఆ రోజుల్లోనే కమ్యూనిస్టు విద్యార్థి ఉద్యమంలోకి వెళ్ళారు. తర్వాత ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడు ఎ.కె. గోపాలన్ గారికి కార్యదర్శిగా ఉన్నారు. పెళ్ళి చేసుకున్నది జాహిదా గారిని. ఆవిడ సైఫుద్దీన్ కిచ్లూ గారి కూతురు. పాఠాల్లో చదివి ఉంటారు, 1919 ఏప్రిల్‌లో అమృత్‌సర్‌లో కిచ్లూనీ, సత్యపాల్‌నీ పట్టుకుపోయారని ఊరు భగ్గుమంది, మూడు రోజులకి జలియన్‌వాలాబాగ్ జరిగింది. ఆ కిచ్లూ గారే. దక్షిణాది బ్రాహ్మణ కుటుంబం అబ్బాయి, పంజాబు ముస్లిం నాయకుడి కూతురు. ఆ రోజుల్లో ఆ పెళ్ళి ఎంత మాటో మీరే ఊహించుకోండి.

మద్రాసు తిరిగి వచ్చాక సినిమా. 1960లో నిమాయ్ ఘోష్ తీసిన తమిళ సినిమా 'పాదై తెరియుదు పార్'కి సంగీతం ఇచ్చారు. మరుసటేడు 'కాల్పాడుకళ్' అనే మలయాళ సినిమాకి చేస్తూ ఒక కొత్త కుర్రవాడికి అవకాశం ఇచ్చారు. 1961 నవంబరు 14న ఆ కుర్రవాడి మొదటి పాట రికార్డయింది. శ్రీ నారాయణ గురు పద్యం అది. కుర్రవాడి పేరు కె.జె. ఏసుదాసు. ఇది చెబితే చాలామంది "ఓహో, ఏసుదాసుని పరిచయం చేసినాయనా" అని అక్కడితో ఆగిపోతారు. నాకైతే అది ఆయన చేసిన పనుల్లో చిన్నదే అనిపిస్తుంది. ఏసుదాసు ఎక్కడున్నా పైకి వచ్చేవాడే. పైకి రానివాళ్ళకు ఆయన ఏం చేశారన్నది నాకు ముఖ్యం.

ఒకటి, సంఘాలు. సినిమా పాటలో వాయించే వయొలిన్ వాళ్ళూ, డోలక్ వాళ్ళూ తెర మీద పేరు లేనివాళ్ళు. రోజు కూలీ లెక్క. నిమాయ్ ఘోష్ లాంటివాళ్ళతో కలిసి దక్షిణాది సినిమా పనివాళ్ళకు, వాద్యకారులకు సంఘాలు కట్టడంలో ఆయన ముందు నిలబడ్డారు. రెండోది కాయర్. నాకు ఈ రెండూ ఒకే మనిషి చేయాల్సిన పనుల్లాగే కనిపిస్తాయి. పేరు లేనివాళ్ళు పదిమంది ఒకచోట చేరితే ఏమవుతుందో సంఘంలో చూశారు, పాటలోనూ చూశారు.

ఈ దారిలో ఆయనే మొదటివాడు కాదు. 1958లో బొంబాయిలో సలీల్ చౌధురి బాంబే యూత్ కాయర్ పెట్టారు. అదే ఏడాది కలకత్తాలో రుమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ కాయర్ మొదలుపెట్టారు. సలీల్ చౌధురి నాన్నగారు అస్సాం టీ తోటల్లో డాక్టరు. సలీల్ చిన్నప్పుడు విన్నది టీ తోట కూలీల పాట. ఆ కూలీలు ఎవరు? ఛోటా నాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, ఇటు మన గంజాం, విశాఖ మన్యం వైపు నుంచి కూడా ఏజెంట్లు తోలుకుపోయిన ఆదివాసులు. కాబట్టి ఆధునిక బృందగానం అని పట్నం వాళ్ళు చెప్పుకునేదాని వేళ్ళలో మన తాతల చెమట కొంచెం ఉంది. ఎంత ఉందో కొలవలేం గానీ, ఉంది.

ఎం.బి.ఎస్. ముందున్న చిక్కు ఏమిటంటే, మన దేశపు సంగీతం ఒంటి గొంతు సంగీతం. ఒక్క 'స' మీద నిలబడి రాగం దాని చుట్టూ తిరుగుతుంది. పడమటి దేశాల బృందగానంలో పునాది స్వరం మారుతూ పోతుంది, నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళ్ళి కలుస్తాయి. ఆ పద్ధతి తెచ్చి మన వరస మీద అతికిస్తే రాగంలో లేని స్వరాలు వచ్చి పడతాయి, పాట ముఖం మారిపోతుంది. అలా అని ముప్ఫైమందీ మొదటి నుంచి చివరి దాకా ఒకే వరస పాడితే బడిలో ప్రార్థనలా ఉంటుంది. రెండింటి మధ్య సన్నటి దారి ఉంది. వరసను వరసలాగే ఉంచి, ఆ రాగంలోని స్వరాలతోనే రెండో గొంతు అల్లడం, ఆడ గొంతులూ మగ గొంతులూ వంతులు మార్చుకోవడం, మాట బరువును బట్టి గుంపును పెంచడం, తగ్గించడం. సుబ్రహ్మణ్య భారతి కవిత్వం, మలయాళంలో ఓ.ఎన్.వి. కురుప్ కవిత్వం, ఇంకా చాలా భాషల పాటలు ఆయన ఇలా కూర్చారు.

ఇక నేర్పడం. ఇక్కడే నాకు ఆయన మీద ఎక్కువ గౌరవం. ఆకాశవాణి కోసం బృందగానాలు కట్టారు, నేర్పారు. 1980ల్లో ఎన్.సి.ఇ.ఆర్.టి. సామూహిక గానం అనే కార్యక్రమం నడిపింది. బడి పంతుళ్ళకు రకరకాల భారతీయ భాషల పాటలు నేర్పేవారు, వాళ్ళు వెళ్ళి పిల్లలకు నేర్పేవారు. మీలో కొందరి అమ్మానాన్నలకు ఆశ్రమ పాఠశాలలో అర్థం తెలియని బెంగాలీ పాటో, అస్సామీ పాటో ఒకటి నోటికి వచ్చి ఉంటుంది, అడిగి చూడండి. తెలియని భాషను నాలుక మీద పెట్టుకుని పక్కవాడితో కలిసి పాడటం, ఎం.బి.ఎస్. లాంటివాళ్ళు నమ్మిన పని అదే. ఇంకొకడి భాషలో పాడినవాడు రేపు ఆ భాషను వెక్కిరించడు అని.

ఆయన 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో ఉండగా పోయారు. అరవై మూడేళ్ళు నిండలేదు. మద్రాస్ యూత్ కాయర్‌ని ఆయన శిష్యులు ఆపకుండా నడిపారు. తిరువనంతపురంలో ఆయన పేరుతోనే ఎం.బి.ఎస్. యూత్ కాయర్ ఉంది. సినిమా పాటలు చేసినవాళ్ళు పోతే క్యాసెట్లు మిగులుతాయి. ఈయన పోయాక పాడే మనుషులు మిగిలారు.

సరే. ఇక మన ఇంటి సంగతి.

పోయిన ఏడాది నగరంలో ఒక వేదిక మీద మన అక్కలు థింసా వేశారు. ఎవరు పెట్టిన కార్యక్రమమో చెప్పను, అవసరం లేదు. నాలుగు నిమిషాలు ఇచ్చారు. సౌండు బాక్సు వాళ్ళు పెన్‌డ్రైవ్ అడిగారు. స్టూడియోలో ఎవరో పాడిన ట్రాక్ వేశారు. డప్పు, మోరి అన్నీ కీబోర్డులోంచే. అక్కలు చేతులు నడుముల వెనక అల్లుకుని, గుండ్రంగా తిరిగి, బాగానే వేశారు. కానీ ఒక్కరి నోరు కదల్లేదు. ముందు వరసలో చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నారు. నాతో వచ్చిన మా మేనకోడలు, పదో తరగతి పిల్ల, "థింసాలో పాట కూడా వాళ్ళే పాడతారా మావయ్యా?" అని అడిగింది. ఆ పిల్ల పుట్టి పెరిగింది గాజువాకలో. తప్పు దానిది కాదు.

థింసాకి పాట అలంకారం కాదు తమ్ముళ్ళూ, ఇరుసు. మీరు చిన్నప్పుడు అరకు, పాడేరు, అనంతగిరి, ముంచంగిపుట్టు వైపు ఊళ్ళో చూసినవాళ్ళయితే గుర్తు తెచ్చుకోండి. ఒక ముసలావిడ చరణం ఎత్తుతుంది. వరసలో ఉన్నవాళ్ళు అందుకుంటారు. చేతులు ఒకరి వెనక ఒకరివి కాబట్టి పక్కావిడ ఊపిరి పీల్చడం నీ పక్కటెముకలకు తెలుస్తుంది. చైత్రంలో ఇటుకల పండగకు అయితే ఒక రాత్రంతా. కాయర్ మాస్టార్లు కర్ర పట్టుకుని, చేతులు ఊపి, నెలల తరబడి నేర్పే సంగతి, అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోవడం, మన అమ్మమ్మలకు చేతులు అల్లుకోగానే వచ్చేస్తుంది. బోడ థింసా అయినా, ఆకులు ఏరినట్టు అడుగేసే పొతర్ తోల థింసా అయినా, కాలి దెబ్బే తాళం. పాట తీసేసి ట్రాక్ పెడితే మిగిలేది వ్యాయామం.

పాట పోతే పోతుంది, ఆట ఉందిగా అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మన ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాష, గదబ, పోర్జ, వీటిల్లో చాలా భాషలు రోజువారీ మాటల్లో తెలుగు కలిసిపోయి పలచనయ్యాయి. పాత మాటలు పాటలోనే దాక్కుని ఉన్నాయి. చెట్ల పేర్లు, మామిడి కొత్త, చిక్కుడు కొత్త పండగల పద్ధతులు, ఎవరు ఎవరికి ఏమవుతారన్నది, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ నోరు మూతపడితే ముందు పోయేది భాష.

మరి మనం కూడా ఒక కాయర్ పెట్టుకుని మన పాటలన్నీ రెండు గొంతుల్లో, మూడు గొంతుల్లో కూర్చేసి వేదికలెక్కిద్దామా? తొందరపడొద్దు. ఇలాంటి పని మనకన్నా ముందు చేసినవాళ్ళున్నారు, వాళ్ళకు ఏమైందో వినండి.

అమెరికాలో బానిసత్వం పోయాక, 1866లో నాష్‌విల్ అనే ఊళ్ళో విడుదలైన బానిసల పిల్లల కోసం ఫిస్క్ అనే బడి పెట్టారు. అయిదేళ్ళకే డబ్బుల్లేక మూతపడే స్థితి. 1871 అక్టోబరులో ఆ బడి ఖజాంచీ, సంగీతం చెప్పే తెల్లాయన జార్జ్ వైట్, తొమ్మిదిమంది విద్యార్థులను తీసుకుని పాడి డబ్బులు తెద్దామని బయల్దేరాడు. వాళ్ళలో ఎల్లా షెపర్డ్ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి, పుట్టుకతో బానిస, పియానో వాయించేది, మిగతావాళ్ళకు పాట నేర్పేది. మొదట్లో వాళ్ళు పాడింది తెల్లవాళ్ళ పాటలు. తమ తల్లిదండ్రులు పొలాల్లో, రహస్య ప్రార్థనల్లో పాడుకున్న పాటలను బయట పాడటానికి సిగ్గుపడ్డారు. ఒకటి, అవి బానిస రోజుల గుర్తులు. రెండు, అవి పెద్దవాళ్ళకు పవిత్రమైనవి, డబ్బుకు పాడేవి కావు. ఈ రెండు మాటలూ మన ఊళ్ళో కూడా వింటాం కదా? ఒకటి హాస్టల్ పిల్లలు అంటారు, ఇంకొకటి తాతలు అంటారు.

చివరికి పాడారు. జనం కదిలిపోయారు. ఇంగ్లండు వెళ్ళి విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ 1876 నుంచి ఇవాళ్టికీ ఫిస్క్‌లో నిలబడి ఉంది. ఎల్లా షెపర్డ్ ఆ పాటలు సేకరించి, స్వరాలు రాసి, తర్వాతి పిల్లలకు నేర్పింది. ఆవిడ రాయకపోతే ఎన్నో పాటలు పోయేవి.

అయితే కథ అక్కడ అయిపోలేదు. 1934లో జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి, ఊరూరా తిరిగి జానపదం సేకరించిన మనిషి, కుండబద్దలు కొట్టినట్టు ఒక మాట చెప్పింది. మీరు వేదికల మీద వింటున్నది అసలు పాట కాదు, కాలేజీలో ఇస్త్రీ చేసిన పాట అని. అసలు పాట ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు, గొంతులు ఎవరికి వారు తోచినట్టు వచ్చి చేరతాయి, ఆ గరుకే దాని అందం అని. ఇస్త్రీ అన్నది నా మాట, భావం ఆవిడది.

ఎవరు ఒప్పు? నా మటుకు నాకు ఇద్దరూ ఒప్పే, కానీ వరస ముఖ్యం. ముందు ఎల్లా షెపర్డ్ పని జరగాలి. పాట బతికుంటేనే గరుకు గురించి, ఇస్త్రీ గురించి తగువు పడగలం. హర్‌స్టన్ మాట మాత్రం మొదటి రోజు నుంచే చెవిలో పెట్టుకుని చేయాలి.

మనకు దగ్గర ఉదాహరణ కూడా ఒకటి ఉంది. మేఘాలయలో ఖాసీ తెగకు చెందిన నీల్ నోంగ్‌కిన్‌రిహ్. లండన్‌లో పియానో చదువుకుని, అక్కడే స్థిరపడే వీలుండి కూడా, తిరిగి వచ్చి 2001లో షిల్లాంగ్ చాంబర్ కాయర్ పెట్టాడు. 2010లో చైనాలో జరిగిన ప్రపంచ కాయర్ పోటీల్లో వాళ్ళకు స్వర్ణాలు వచ్చాయి, అదే ఏడాది టీవీ పోటీలోనూ గెలిచారు. సినిమా పాటలు కూడా పాడారు, జనాన్ని రప్పించడానికి. కానీ ఖాసీ జానపద గాథ మీద ఖాసీ భాషలోనే ఒక ఒపెరా కూడా రాశాడు. 2015లో పద్మశ్రీ వచ్చింది. 2022 జనవరిలో, యాభై ఒక్కేళ్ళకే పోయాడు. ఆదివాసీ పిల్లాడు తన భాష పాటకు తనే అరేంజర్ అయ్యాడు. బయటివాడు వచ్చి కూర్చి పెట్టేదాకా ఆగలేదు. మన సవరల కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు వాచకాలు రాశారు, నిఘంటువు చేశారు, ఆయన రుణం తీరేది కాదు. అయినా నూరేళ్ళ తర్వాత కూడా మనం ఇంకో గిడుగు కోసం దారి కాచుకుని కూర్చోవడం బాగుండదు.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. ఈ ఊళ్ళో చదువుకుంటున్నవాళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీలో, పోర్టులో, ఆసుపత్రుల్లో, షాపుల్లో పనిచేసేవాళ్ళు ఇరవైమంది దొరికినా చాలు. ఎం.బి.ఎస్. మొదలుపెట్టింది ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులతోనే. గొంతు పరీక్షలు పెట్టొద్దు. శృతి తప్పేవాణ్ణి ఇద్దరు బాగా పాడేవాళ్ళ మధ్య నిలబెడితే పది వారాల్లో చెవి దానంతటదే సర్దుకుంటుంది. ఇది నేను బడిలో చాలా ఏళ్ళు చూశాను.

పాటను యూట్యూబ్‌లోంచి తీయొద్దు. ఊరు వెళ్ళినప్పుడు పాడే మనిషి దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. మొదలుపెట్టే ముందు ఆవిడ పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎప్పుడు పాడతారు అన్నది మీ గొంతుతోనే అందులో చెప్పండి. అన్నిటికన్నా ముందు, ఇది బయట పాడొచ్చా అని అడగండి. పూజకు చెందినవి, చావుకు చెందినవి ఉంటాయి. ఆవిడ వద్దంటే వద్దు. రికార్డు ఉంచుకోండి, వేదిక ఎక్కించొద్దు. ఫిస్క్ పిల్లల తాతలు భయపడింది దానికే. ఇంకో సంగతి, ఊరుమ్మడి పాటను కూర్చి, రికార్డు చేసి, తన పేరు వేసుకుని హక్కులు రాయించుకునేవాళ్ళు ఉన్నారు. మీ దగ్గర పేరు, ఊరు, తేదీతో పాత రికార్డు ఉంటే రేపు మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది.

తర్వాత నేర్చుకునేటప్పుడు కీబోర్డు పక్కన పెట్టండి. కీబోర్డు మెట్లు స్థిరం. మా అమ్మమ్మ పాడే గాంధారం ఆ రెండు మెట్ల మధ్య సందులో ఉండేది, ఏ మీట నొక్కినా దొరకదు. హార్మోనియానికి కట్టేస్తే నెల తిరక్కుండా ఆ స్వరం మాయమవుతుంది, మాయమైన సంగతి కూడా తెలీదు. మోరి ఉంటే మోరితో, లేకపోతే పెద్ద గొంతు ఎవరిదైతే ఆవిడ శృతితో పాడండి. మగపిల్లలు మీకు ఎత్తు ఎక్కువైతే కింద స్థాయిలో అందుకోండి, ఆవిణ్ణి దించొద్దు.

రెండో గొంతు పెట్టాలా వద్దా అని అడుగుతారు. మొదటి ఏడాది వద్దు. మన పాటలో ఉన్న కూర్పునే ముందు సరిగ్గా పట్టుకోండి. ఎత్తేవాళ్ళు, అందుకునేవాళ్ళు, రెండు వరసల మధ్య సవాలు జవాబు. అది స్థిరపడ్డాక, ఒక గుంపు కింద ఒకే స్వరం పట్టుకుని నిలబడి చూడండి. అలా కట్టింది ఫోన్‌లో తీసుకుని వెళ్ళి, పాట ఇచ్చిన ఆవిడకు వినిపించండి. ఆవిడ ముఖం చూడండి. నవ్వితే ఉంచండి, మొహం ముడిస్తే తీసేయండి. ఎం.బి.ఎస్. కూర్చినవి పుస్తకంలో ఉన్న కవుల పాటలు, ఆయనకు ఆ స్వేచ్ఛ ఉంది. మనకు ఆ పైన ఒక పెద్దావిడ ఉంది.

ఇంకొక్కటి, ఇది కొంచెం కష్టమైనది. మనలో మనకు మెట్లున్నాయి. కువి మాట్లాడేవాణ్ణి, గదబ పిల్లను మన హాస్టళ్ళలో మన పిల్లలే వెక్కిరించడం నేను విన్నాను, మీరూ విన్నారు. భగతలు కువి పాట నేర్చుకోవాలి. వాల్మీకి పిల్లలు గదబ పాట పాడాలి. కొండదొరల కుర్రాడు పోర్జ మాటలు సరిగ్గా పలకడానికి పోర్జ అమ్మాయి దగ్గర తప్పులు దిద్దించుకోవాలి. ఎవరి పాట వాళ్ళే పాడుకుంటే అయిదు గుంపులవుతాయి, కాయర్ అవదు. బెంగాలీ, అస్సామీ పాటలు బడిలో నేర్చుకున్నాం. పక్క కొండ పాట నేర్చుకోవడానికి ఏం అడ్డం?

వేదికల వాళ్ళు ట్రాక్ అడుగుతారు. పాడతాం, నాలుగు మైకులు పెట్టండి అని మనం అడగాలి. వినకపోతే ఆ కార్యక్రమం వదులుకోవడమే. ఇది చెప్పడం నాకు తేలిక, పారితోషికం కోసం ఎదురుచూసే అక్కలకు కష్టం, తెలుసు. అందుకే సంఘం తరఫున అడగాలి, ఒక్కో బృందం విడిగా కాదు. ఇందాక చెప్పిన వాద్యకారుల సంఘాలు ఇలాంటి ఇబ్బంది నుంచే పుట్టాయి.

వచ్చే నెల నుంచి ఆదివారాలు సాయంత్రం నేను ఖాళీ. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్ళు బయట బల్ల దగ్గర పుస్తకంలో రాయండి. పేరు పక్కన మీకు నోటికి వచ్చిన ఒక్క పాట, అది ఎవరు నేర్పారు, ఏ ఊరు, ఏ భాష అని రాయండి. ఏ పాటా రాదు అంటే అదీ రాయండి, సిగ్గేం లేదు, ఇంట్లో ఎవరికి వచ్చో కనుక్కోండి. మోరి వాయించేవాళ్ళు మీ ఎరికలో ఈ ఊళ్ళో ఎవరైనా ఉంటే నాకు తప్పకుండా చెప్పండి. నాకు ఇద్దరే తెలుసు, అందులో ఒకాయనకు రాత్రి డ్యూటీ.